బొల్లారం గోలీ, పస్తాపూర్ రొట్టె

హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే రహదారి మీద రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ దాటితే పటాన్‌చెరు వస్తుంది. ఆ చుట్టుపక్కల పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. బయటి జిల్లాల వాళ్లకు ఈ పేర్లు పెద్దగా తెలియవు. కానీ పొద్దున టిఫిన్‌కు ముందో, రాత్రి పడుకునే ముందో ఈ పారిశ్రామిక వాడల సరుకు కడుపులోకి పోని ఇల్లు తక్కువ. తెలంగాణ జనం బీపీ గోలీ, షుగర్ గోలీ, గ్యాస్ గోలీ అని పిలుచుకునే మాత్రల్లోని అసలు మందు దాదాపు 40 ఏళ్లుగా ఇక్కడ తయారవుతోంది.

ఇదే దారి మీద పటాన్‌చెరు పక్కనే ఇక్రిశాట్ పొలాలున్నాయి. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధన చేసే ఆ అంతర్జాతీయ సంస్థ 1972లో వెలిసింది. అలాగే ముందుకెళ్లి సంగారెడ్డి, సదాశివపేట దాటితే జహీరాబాద్, దాని పక్కన పస్తాపూర్. ఊళ్లలో జొన్నరొట్టె మళ్లీ కంచంలోకి రావాలని నాలుగు దశాబ్దాలుగా ఆడవాళ్లు సంఘాలు కట్టి పనిచేస్తున్న చోటు అది.

బీపీ, షుగర్ పట్టుకున్నవారికి డాక్టరు చెప్పే మాటలు ఎక్కడైనా రెండే: గోలీ మానకు, తిండి మార్చుకో. రెండూ రోగి చేతిలోనే ఉన్నాయన్నట్టు చెబుతారు. సంగారెడ్డి జిల్లా చరిత్ర చూస్తే అలా అనిపించదు. గోలీ చవకగా దొరకడం వెనక ఢిల్లీలో చేసిన ఒక చట్టం ఉంది. కంచంలో జొన్న పోయి బియ్యం రావడం వెనక హైదరాబాద్‌లో తీసుకున్న ఒక నిర్ణయం ఉంది. ఆ రెండింటి మంచిచెడ్డలు ఎక్కువగా మోసింది మాత్రం ఈ ఊళ్లే.

చట్టం దించిన ధర

1950ల చివర అమెరికాలో సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ నాయకత్వంలో మందుల ధరల మీద పెద్ద విచారణ మొదలైంది. ధరలు బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో భారత్ కూడా ఒకటని ఆ విచారణ తేల్చింది. పేద దేశంలో మందు ఖరీదు కావడానికి కారణం పేటెంటు. 1911 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం మందు మీద హక్కు విదేశీ కంపెనీదైతే ఇక్కడ ఇంకెవరూ దాన్ని తయారుచేయడానికి వీల్లేదు. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఈ లోపాన్ని విప్పి చూపింది. పదేళ్లకు పైగా వాదోపవాదాలు నడిచాక 1970లో పార్లమెంటు కొత్త పేటెంట్ల చట్టం చేసింది. 1972 ఏప్రిల్ 20న అది అమల్లోకి వచ్చింది.

కొత్త చట్టం మందుకు పేటెంటు ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. దాని గడువు కూడా ఏడేళ్లకు మించదు. అదే మందును ఇంకో దారిలో తయారుచేయగల కెమిస్టు ఉంటే చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అలాంటి కెమిస్టులకు హైదరాబాద్‌లో అప్పటికే కొదవ లేదు. 1961లో సోవియట్ సహకారంతో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అంటే ఐడీపీఎల్, యాంటీబయాటిక్స్ ప్లాంటును రిషికేశ్‌లోనూ, సింథటిక్ మందుల ప్లాంటును హైదరాబాద్ బాలానగర్‌లోనూ పెట్టింది. పెద్ద రియాక్టర్లలో టన్నుల లెక్కన మందు ఎలా వండాలో ఒక తరం ఇంజనీర్లు, కెమిస్టులు అక్కడే నేర్చుకున్నారు. తార్నాకలోని రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ, ఇప్పటి ఐఐసీటీ, కొత్త పద్ధతులు కనిపెట్టి ఇచ్చింది. ఐడీపీఎల్ ఆ తర్వాత నష్టాల్లో కూరుకుపోయి మూతపడింది. అక్కడ పని నేర్చినవాళ్లు మాత్రం బయటికొచ్చి సొంత షెడ్లు వేసుకున్నారు.

వాళ్లలో తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి ఒకరు. పుణె నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీలో పీహెచ్‌డీ చేసి, 1969లో ఐడీపీఎల్‌లో చేరి, 1975లో వదిలేశారు. మొదట యూనిలాయిడ్స్, తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్ అనే కంపెనీల్లో భాగస్వామిగా పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ మొదలుపెట్టారు. ఆ కంపెనీ తయారుచేసిన తొలి మందు మిథైల్‌డోపా. అది బీపీ మందు.

మెదక్ చెలకల్లో రియాక్టర్లు

అప్పటికి సంగారెడ్డి వేరే జిల్లా కాదు, మెదక్ జిల్లాకు కేంద్రం. 2016 అక్టోబరులో విడదీసేదాకా ఈ వాడలన్నీ మెదక్ లెక్కలోనివే. వెనకబడిన జిల్లా అంటూ రాయితీలు, చవకగా భూమి, రాజధాని పక్కన ఉండటం, బొంబాయి రేవుకు నేరుగా రోడ్డు: 1970ల మధ్య నుంచి ఇవి పరిశ్రమలను ఇటు లాగాయి. 1980లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీని వదులుకొని మెదక్ ఎంపీగా ఉండిపోవడంతో జిల్లా మీద ఢిల్లీ చూపు పడింది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఆ కాలంలో వచ్చిందే. అదే కాలంలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు నిండసాగాయి.

మిథైల్‌డోపా కొత్త మందేమీ కాదు. 1960ల నుంచే అమెరికన్ కంపెనీ మెర్క్ దాన్ని అమ్ముతోంది. మెదడు నుంచి రక్తనాళాలకు అందే బిగింపు సంకేతాలను తగ్గించి పీడనం దించుతుంది. ఇప్పుడు దాని వాడకం ఎక్కువగా గర్భిణుల బీపీకే పరిమితం. అంజిరెడ్డి కంపెనీ దాన్ని తక్కువ ఖర్చుతో తయారుచేసి 1986లో పశ్చిమ జర్మనీకి ఎగుమతి చేసింది. 1987లో ఐబుప్రొఫెన్ ముడిమందుకు అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం దక్కింది. 1991లో ఓమెజ్ వచ్చింది. కడుపులో యాసిడ్ ఊరడాన్ని ఆపే ఒమెప్రజోల్‌కు స్వీడన్ కంపెనీ ఆస్ట్రా పెట్టిన ధర ఇక్కడి మధ్యతరగతికి అందేది కాదు. కొన్నేళ్లలోనే మనవాళ్ల నోట 'గ్యాస్ గోలీ' అంటే ఓమెజ్ అన్నంతగా ఆ పేరు పాకింది.

బొంతపల్లిలో ఇంకో కథ నడిచింది. 1984లో మొదలైన, తర్వాత గ్రాన్యూల్స్ ఇండియాగా పేరు మార్చుకున్న కంపెనీ జ్వరం మందు పారాసిటమాల్‌ను పట్టుకుంది. లాభం పైసల్లో ఉండే మందు అది. టన్నుల్లో చేస్తేనే గిట్టుబాటు. ఇవాళ ప్రపంచంలో పారాసిటమాల్ ముడిమందు చేసే పెద్ద ప్లాంట్లలో బొంతపల్లిది ఒకటి. షుగర్ జబ్బుకు తొలి మందుగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ కూడా ఆ కంపెనీ చేస్తుంది. మెట్‌ఫార్మిన్‌ను డబ్లిన్‌లో 1922లోనే తయారుచేసినా, మనుషుల్లో షుగర్ తగ్గిస్తుందని 1957లో చూపినవాడు ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్. కాలేయం నుంచి అనవసరంగా వచ్చే గ్లూకోజును తగ్గించడం దాని ప్రధానమైన పని. పేటెంటు ఎవరికీ లేదు, చేసేవాళ్లు ఎక్కువ, అందుకే అది ఇవాళ ప్రపంచంలో చవకైన షుగర్ గోలీల్లో ఒకటి.

ఇక్కడి కెమిస్టులు పాత మందును చవకగా చేయడంతో ఆగిపోవాలనుకోలేదు. 1993లో మియాపూర్‌లో మొదలైన డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్ షుగర్ జబ్బుకు సొంత అణువులు తయారుచేసి, 1990ల చివర డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకు ఇచ్చింది. సొంతంగా కనిపెట్టిన అణువును భారతీయ కంపెనీ ఒకటి విదేశానికి అమ్మడం అదే మొదలు. వాటిలో రాగాగ్లిటజార్ మనుషుల మీద చివరి దశ పరీక్షల దాకా వెళ్లింది. ఎలుక జాతి జంతువుల్లో మూత్రాశయ గడ్డలు కనిపించడంతో 2002లో ఆపేశారు. 2005లో మందుకే పేటెంటు ఇచ్చే పద్ధతి దేశానికి తిరిగి వచ్చింది. అప్పటికే బజారులో ఉన్న పాత మందులు మాత్రం ఎవరైనా చేసుకోగలిగేవే. బీపీ, షుగర్‌లకు ఊళ్లలో డాక్టర్లు రాసేవి చాలావరకు అవే.

వాగులో మందుల చీటీ

కిలో ముడిమందు చేయడానికి దానికి ఎన్నో రెట్ల ద్రావకాలు, ఆమ్లాలు, లవణాలు, నీళ్లు కావాలి. మందు డ్రమ్ములోకి వెళ్లాక మిగిలిందంతా ఎక్కడికో పోవాలి. 1980ల్లో అది పోయింది చెరువుల్లోకి, ఇసకవాగు, నక్కవాగుల్లోకి. నక్కవాగు వెళ్లి మంజీరలో కలుస్తుంది. వాగు పొడుగునా ఉన్న ఊళ్లలో పొలాలు చౌడుబారాయి, బోర్ల నీళ్లు రంగు మారాయి.

పటాన్‌చెరులో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఈ ఊళ్ల తరఫున ముందు నిలబడ్డారు. దగ్గు, చర్మం దురద, కీళ్ల నొప్పులతో వచ్చే రోగులకు చీటీ రాసి పంపడంతో ఆయన ఊరుకోలేదు, వాళ్లు తాగే నీళ్ల గురించి అడగడం మొదలుపెట్టారు. 1990లో పర్యావరణ న్యాయ సంస్థ ఒకటి వేసిన పిటిషన్‌తో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. ఊళ్లకు తాగునీరు ఇవ్వాలని, నష్టపోయిన రైతులకు పరిహారం కట్టాలని ఆదేశాలొచ్చాయి. 1994లో కంపెనీలన్నిటి వ్యర్థజలాలు ఒకచోట శుద్ధిచేసే ప్లాంటు పటాన్‌చెరులో వచ్చింది. 1996లో ఈ మండలాల్లో కొత్తగా కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. 2013లో దాన్ని సడలించారు. కేసు సుప్రీంకోర్టు నుంచి రాష్ట్ర హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రైబ్యునల్‌కు మారుతూ పాతికేళ్లకు పైగా నడిచింది.

ప్రపంచం పటాన్‌చెరు పేరు విన్నది 2007లో. స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం ఆ ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను, అంటే శుద్ధి అయిన తర్వాతి నీళ్లను, పరీక్షించింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు ఆ ప్లాంటుకు వచ్చేవి. లీటరు నీటిలో యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. రోజుకు అలా పోతున్న సిప్రోఫ్లాక్సాసిన్ 45 కిలోలని అంచనా. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా 5 రోజుల్లో వాడే మోతాదు అది.

సిప్రో పక్కన దొరికిన మిగతా మందుల పేర్లు చూస్తే, ఏదో ఉమ్మడి కుటుంబం మందుల డబ్బా తెరిచినట్టుంటుంది. బీపీకి లొసార్టాన్, లీటరుకు సుమారు రెండున్నర మిల్లీగ్రాములు. బీపీకీ గుండెకూ వాడే మెటోప్రొలాల్. తుమ్ములకు, దద్దుర్లకు సెట్రిజిన్. దిగులు జబ్బుకు సిటలోప్రామ్. గ్యాస్‌కు రానిటిడిన్. 2009లో వచ్చిన మరో పరిశోధనలో చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా ఇలాంటి మందులు కనిపించాయి. ఆ నీళ్లు తాగితే ఎవరికీ బీపీ తగ్గదు, ఆ మోతాదు వేరు. భయం యాంటీబయాటిక్‌ల గురించి. వాటిలో నానుతూ బతికిన బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. వాగు అడుగు మట్టిలో అలాంటి నిరోధక జన్యువులు భారీగా ఉన్నాయని అదే బృందం తర్వాత చూపింది.

శుద్ధిచేసిన నీటిని ఆ తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. అంటే మంజీర బదులు మూసీ. పెద్ద కంపెనీలు తమ ఆవరణలోనే నీళ్లను మరిగించి, ఉప్పు వేరుచేసి, తిరిగి వాడుకునే ఏర్పాట్లు చేసుకున్నాయి.

జొన్న పోయి బియ్యం వచ్చిన కాలం

ఈ వాడల్లో బీపీ, షుగర్ గోలీలు తయారవుతున్న ఏళ్లలోనే చుట్టుపక్కల ఊళ్లలో వాటి అవసరం పెరిగింది. ఒక తరం కిందటి దాకా జహీరాబాద్, నారాయణఖేడ్, జోగిపేట ప్రాంతాల్లో బియ్యం అంటే పండుగ తిండి. రోజువారీ తిండి జొన్నరొట్టె, గటక, అంబలి. ఎర్ర చెలకల్లో జొన్నతో పాటు కంది, సజ్జ, కొర్ర, సామ, తైదలు కలిపి విత్తేవారు. వాన ఒక పంటను ముంచినా ఇంకో పంట ఇంటికొచ్చేది.

ఆ తిండి అమృతమేమీ కాదు. వట్టి జొన్న మీదే బతికే పేద కూలీల్లో చర్మం పగిలి, విరేచనాలు పట్టుకొని, మతి తప్పే పెలాగ్రా జబ్బు కనిపించేది. హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో దీని మీద పరిశోధన చేసి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటాన్ని కారణంగా చూపారు. కంది, శనగ, ఆకుకూర, పాలు తోడైతే ఆ జబ్బు రాదు. పేదల కంచంలో అవి లేకపోవడమే అసలు చిక్కు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకే బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, కాదనే పని లేదు. కానీ కోస్తా మాగాణుల్లో పండిన బియ్యం 2 రూపాయలకు ఇంటికొస్తే, చెలకలో జొన్న విత్తి, పిట్టలు తోలి, కోసి, కొట్టి, విసిరి రొట్టె చేసే శ్రమ ఎవరు పడతారు? చెలకలు బీళ్లయ్యాయి. కొన్నిచోట్ల చెరుకు, పత్తి వచ్చాయి. రొట్టె చేసే చేతులు ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్లాయి. మూడు పూటలా పాలిష్ బియ్యపు అన్నం, క్యాంటీన్‌లో చక్కెర చాయ్, ఒకే చోట నిలబడో కూర్చునో 8 గంటల పని. రాత్రి షిఫ్టులో నిద్ర పోయింది, తిండి వేళ తప్పింది. షుగర్ పెరగడానికి ఇవి చాలు.

అదే 1983లో జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పి.వి. సతీశ్, ఆయన సహచరులు పస్తాపూర్ కేంద్రంగా దళిత స్త్రీల సంఘాలు కట్టారు. 1990ల మధ్యలో ఆ సంఘాలు రేషను పద్ధతినే తిరగేశాయి. బీడు పడ్డ చెలకలు సాగు చేసుకునే చిన్న రైతుకు అప్పు ఇచ్చి, తిరిగి డబ్బు బదులు జొన్నలు తీసుకొని, వాటిని ఊరి గాదెలో నిలవచేసి, పేదలెవరో ఊరివాళ్లే నిర్ణయించి, చవక ధరకు ఇచ్చే పద్ధతి అది. విత్తనాలు ఆడవాళ్ల దగ్గరే ఉంటాయి, కంపెనీ దగ్గర కాదు. ఏటా సంక్రాంతి తర్వాత ఎడ్లబండ్ల మీద పాత పంటల విత్తనాలు పేర్చి ఊరూరా జాతర తీస్తారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడు కూడా అదే.

పస్తాపూర్ ఆడవాళ్లు భూమి కోసం, తిండి కోసం చేసిన పనికి పటాన్‌చెరులో శాస్త్రం తోడైంది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తల నాయకత్వంలో 2021లో వచ్చిన అధ్యయనం 11 దేశాల్లో జరిగిన 65 పరిశోధనలను కలిపి చూసింది. చిరుధాన్యాలు రోజూ తిన్న షుగర్ రోగుల్లో పరగడుపు, తిన్న తర్వాతి గ్లూకోజు 12 నుంచి 15 శాతం తగ్గింది. షుగర్ అంచున ఉన్నవారిలో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ సగటున 17 శాతం తగ్గింది. అయితే పది రొట్టెలు తింటే పిండి పదార్థం పిండి పదార్థమే. గోలీ మానేసి రొట్టెకు మారమని ఆ అధ్యయనం చెప్పలేదు.

చీటీ ఎవరిది, ఖర్చు ఎవరిది

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, పెద్దవారిలో 35.5 శాతం మందికి బీపీ ఉంది. 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని పద్ధతి సాదా: ముందు ఆమ్లోడిపిన్, పీడనం దిగకపోతే టెల్మిసార్టాన్, నెలకోసారి కొలత, రాకపోతే ఇంటికి కబురు. 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లలోనే పరీక్షలు చేసే ఏర్పాటూ ఉంది. ఇన్ని కోట్ల మందికి ఏళ్ల తరబడి గోలీలు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇవ్వగలగడం 1970 చట్టం, బాలానగర్ చదువు, ఈ వాడల రియాక్టర్లు కలిసి సాధించిన పని. 'ఒకసారి మొదలెడితే జీవితాంతం మింగాలి' అన్న భయంతో పీడనం దిగగానే గోలీ మానేసేవారు ఇంకా ఎక్కువే. గోలీ వల్లే దిగిందన్న సంగతి పక్షవాతం వచ్చాక గానీ తెలియడం లేదు.

చాలా గోలీల్లో మందు కొద్దిగానే ఉంటుంది. మిగతాది గోలీకి ఆకారం ఇచ్చే పొడులు. వాటిలో ఒకటి మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, దాన్ని కలప గుజ్జు నుంచి తీస్తారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది ఆ పొడి చేసే యూనిట్‌లోనే. 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీలు. గోలీ చవకదనం లెక్కలో కార్మికుడి భద్రత ఖర్చు ఎంత, వాగు శుద్ధి ఖర్చు ఎంత అన్న ప్రశ్నను ఆ పేలుడు మళ్లీ ముందుకు తెచ్చింది.

ఆ ప్రశ్న ఇప్పుడు జొన్న చేల దాకా వచ్చింది. 2024లో ప్రభుత్వం న్యాల్‌కల్ మండలంలోని డప్పూరు, మల్గి, వడ్డి గ్రామాల్లో సుమారు 2,000 ఎకరాలు ఫార్మా వాడ కోసం సేకరించాలని తలపెట్టింది. ఏటా పాత పంటల జాతర బండ్లు తిరిగే జహీరాబాద్ ప్రాంతమే అది. పక్కనే మంజీర. రైతులు భూమి ఇవ్వబోమని ఎదురుతిరిగారు. కంపెనీలు వస్తే నేల, నీళ్లు ఏమవుతాయన్నది వాళ్ల భయం. ఆ భయానికి ఆధారం ఎక్కడో వెతకనక్కర్లేదు. అదే రహదారి మీద హైదరాబాద్ వైపు వస్తే, నక్కవాగు ఒడ్డున 1990 నుంచి పేరుకున్న కోర్టు కాగితాలే ఆ లెక్క చెబుతాయి.